మా ఇంటి సముద్రపు పువ్వు

ఇరవై రెండేళ్ళపాటు నేను విజయనగరం చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పాను. ప్రతి సంవత్సరం నల్లబల్ల మీద సీ అనిమోన్ బొమ్మ గీసి, "ఇది చూడడానికి పువ్వులా ఉంటుంది గాని జంతువు. సీలెంటరేటా వర్గం" అని పిల్లలచేత రాయించేవాణ్ణి. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా ఇచ్చేవాణ్ణి. అయితే ప్రాణంతో ఉన్న అనిమోన్‌ను నేను మొదటిసారి కళ్ళారా చూసింది 2013 మే నెలలో. చూసిన తొమ్మిది రోజులకే అది నా చేతుల్లో చచ్చిపోయింది.

జరిగిన సంగతి చెబుతాను. మా అమ్మాయి అప్పుడు ఏడో తరగతి పూర్తి చేసింది. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ సినిమాను ఎవరింట్లోనో టీవీలో చూసి, అందులోని నారింజరంగు చారల చేప కావాలని పట్టు పట్టింది. ఏప్రిల్‌లో మూడడుగుల గాజు తొట్టె కొన్నాం. నూట యాభై లీటర్ల నీళ్ళు పడతాయి. చింతపల్లి తీరానికి ఆటోలో వెళ్ళి ఇరవై లీటర్ల డబ్బాలతో సముద్రపు నీళ్ళు తెచ్చి నింపాం. మూడు వారాలు ఆగాం. మూడు వారాలంటే చాలా ఓపిక పట్టామనే నేననుకున్నాను. తరువాత విశాఖలో ఒక షాపుకు వెళ్ళి రెండు క్లౌన్ చేపలు, వాటికి ఇల్లుగా ఉంటుందని ఒక అనిమోన్ కొన్నాం. అది పాలనురుగులా తెల్లగా, మీసాల కొసన లేత ఊదా రంగుతో ఎంతో అందంగా ఉంది. ఈ రంగు అరుదు గనుక ధర ఎక్కువ అన్నారు. ఇచ్చాం.

మూడో రోజుకు ముడుచుకుంది. ఐదో రోజుకు నోరు తెరుచుకుని లోపలి పొరలు బయటికి కనిపించసాగాయి. ఏడో రోజు రాతిని పట్టుకున్న పాదం ఊడి, నీళ్ళలో అటూ ఇటూ కొట్టుకుపోయింది. నిద్రపోతోందని నేనే మా అమ్మాయికి సర్దిచెప్పాను. తొమ్మిదో రోజు తెల్లవారి లేచి చూస్తే తొట్టె నీళ్ళు బియ్యం కడుగులా మారాయి. గదంతా కుళ్ళిన చేపల వాసన. రెండు చేపలూ చచ్చి తేలుతున్నాయి.

మా అమ్మాయి ఏడవలేదు. కాసేపు తొట్టె వైపే చూసి, "నాన్నా, నువ్వు సైన్సు మాస్టారివి కదా?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు సంవత్సరం పైగా పట్టింది. ఉప్పునీటి తొట్టె పెట్టాలని ఏ ఇంట్లోనైనా పిల్లలు పోరుపెడుతుంటే, మేము నేర్చుకున్నది మీకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆ ప్రాణి ఎలాంటిదో చెప్పాలి. దానికి మెదడు లేదు, ఎముక లేదు, గుండె లేదు. ఒక సంచి అనుకోండి. అడుగున రాతిని పట్టుకునే పాదం, పైన నోరు, నోటి చుట్టూ మీసాల్లాంటి స్పర్శకాలు. తినడానికీ విసర్జించడానికీ ఆ ఒక్క నోరే దారి. స్పర్శకాల నిండా దంశకణాలుంటాయి. ఒక్కొక్క కణంలోనూ చుట్టచుట్టుకున్న సన్నని విషపు దారం ఉంటుంది. చిన్న చేపో రొయ్యో తగిలితే ఆ దారాలు బాణాల్లా విడుదలవుతాయి. మన వేలికి తగిలితే అతుక్కున్నట్టు ఉంటుంది గాని చాలా జాతుల వల్ల పెద్ద బాధ ఉండదు. కొన్ని మాత్రం దద్దుర్లు తెప్పిస్తాయి గనుక పిల్లల్ని ముట్టుకోనివ్వకూడదు. జెల్లీ చేపలూ, పగడాలూ దీని దాయాదులే.

మరి మాది ఎందుకు చచ్చిపోయింది? మొదటి కారణం కనిపెట్టింది నేను కాదు, మా అమ్మ.

మా అమ్మ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో నౌపడ దగ్గర. అక్కడి ఉప్పుమళ్ళు మీలో చాలామంది రైల్లో పోతూ చూసే ఉంటారు. ఆమె చిన్నతనమంతా ఆ మళ్ళ గట్ల మీదే గడిచింది. చచ్చిన చేపల్ని పారబోసిన రోజు సాయంత్రం ఆమె తొట్టె దగ్గరికి వచ్చి, అద్దం అంచున పేరుకున్న తెల్లటి పెచ్చును గోటితో గీకి నాలిక మీద వేసుకుంది. "రోజూ ఇందులో ఏటి పోస్తన్నావురా?" అంది. ఎండకు నీళ్ళు తగ్గుతున్నాయి గనుక రోజుకో లీటరు సముద్రపు నీళ్ళు పోస్తున్నానన్నాను. ఆమె నవ్వింది. "ఉప్పుమడిలో నీళ్ళెండిపోతే ఉప్పెక్కడికి పోద్దిరా నాయినా? నువ్వు ఇంట్లో ఉప్పు పండిస్తన్నావు."

కాగితం తీసుకుని లెక్క వేశాను. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నూట యాభై లీటర్లకు ఐదుంబావు కిలోలు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. రోజుకో లీటరు చొప్పున ముప్పై రోజులు సముద్రపు నీళ్ళు పోస్తే మరో కిలో చేరినట్టే. లీటరుకు 42 గ్రాములు! ఎర్ర సముద్రంలోనే సుమారు 40 ఉంటుంది. నేను తొట్టెలో ఎర్ర సముద్రాన్ని మించిపోయాను. తగ్గిన నీటి స్థానంలో పోయవలసింది ఉప్పులేని మంచినీరు. అదీ మునిసిపాలిటీ కుళాయి నీరు కాదు, అందులో క్లోరిన్ ఉంటుంది. మేము ఇప్పుడు మినరల్ వాటర్ డబ్బా నీళ్ళు వాడుతున్నాం. ఆ సాయంత్రమే మా అమ్మ మనవరాలి గోళ్ళరంగు సీసా అడిగి తీసుకుని, తొట్టె నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు ఎంతవరకు ఉంటాయో అక్కడ అద్దం మీద ఎర్రటి గీత ఒకటి గీసింది. రోజూ ఆ గీత దాకా మంచినీరు పోస్తే చాలు. ఇంతకు మించిన సాధనం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఉప్పు ఎంతుందో చూడడానికి హైడ్రోమీటరు ఒకటి కొనుక్కోవాలి. పాలవాళ్ళ దగ్గర లాక్టోమీటరు చూశారు కదా, అలాంటిదే. 1.025 దగ్గర తేలితే మంచిది. అనిమోన్‌కు ఆ అంకె ఎంత ముఖ్యమో, అది రోజురోజుకూ మారకుండా ఉండడం అంతకన్నా ముఖ్యం. వంటింటి ఉప్పు నీళ్ళలో కలిపితే సముద్రం అవదని కూడా చెప్పాలి. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లాంటివన్నీ పాళ్ళలో ఉండాలి. అలా తయారుచేసిన సముద్రపు ఉప్పు పొడి షాపుల్లో దొరుకుతుంది. మన తీరంలో ఉన్నవాళ్ళకు సముద్రమే ఉంది గాని అందులోనూ ఒక మెలిక ఉంది. కోనాడ దగ్గర చంపావతి, భీమిలి దగ్గర గోస్తని, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తాయి. ఆ మొగల దగ్గర నీళ్ళు పట్టకూడదు. అంతేకాదు, అక్టోబరు, నవంబరు నెలల్లో గంగ, బ్రహ్మపుత్ర, మహానదుల వరద నీటిని తీర ప్రవాహం దక్షిణానికి మోసుకొస్తుంది. ఆ రోజుల్లో మన తీరమంతటా పై నీళ్ళలో ఉప్పు బాగా పలచబడుతుంది. వేసవిలో పట్టి, మూతబెట్టి, చీకట్లో నిలవ ఉంచుకోవడం మేలు.

రెండో కారణం నీళ్ళు మాగకపోవడం. ఇది పట్నంవాళ్ళకన్నా రైతుకు తేలికగా అర్థమవుతుంది. పచ్చి పేడ తెచ్చి మొక్క మొదట్లో వేస్తే మొక్క మాడిపోతుంది. గెత్తం మాగాలి. తొట్టె సంగతీ అంతే. చేప విసర్జనలోంచి, మిగిలిపోయిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకొక రకం దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ రెండు రకాలూ రాళ్ళ మీదా ఇసుకలోనూ తగినంత పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టెలో ఏ ప్రాణీ లేకుండా ఒక చిన్న రొయ్య ముక్క వేసి కుళ్ళనివ్వడం, చుక్కల మందుతో రంగు చూసి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా ఆగడం, ఇదే పద్ధతి. అప్పుడైనా వేయవలసింది గట్టి చేపలు ఒకటి రెండు మాత్రమే. అనిమోన్ కోసం కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది ఆగాలి. చేప తట్టుకునే చిన్నచిన్న మార్పుల్ని అది తట్టుకోలేదు.

మూడో కారణం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు వేస్తుంది. ఆ తెలుపు అందం కాదు, ఆకలి. క్లౌన్ చేపలు కాపురముండే అనిమోన్ల ఒంట్లో కంటికి కనబడని ఏకకణ శైవలాలు, అంటే ఒక రకం నాచుకణాలు, కోట్లకొద్దీ ఉంటాయి. ఎండ వెలుగులో అవి తయారుచేసిన ఆహారంలో పెద్దభాగం అనిమోన్‌కే అందుతుంది. దాని గోధుమ, ఆకుపచ్చ రంగులు చాలావరకు ఆ నాచువే. వేడి వల్లనో, చీకట్లో రోజులకొద్దీ సంచిలో ప్రయాణం చేయడం వల్లనో ఆ నాచు పోతే మిగిలేది తెల్లటి ఒళ్ళు. పగడపు దిబ్బలు తెల్లబడి చస్తున్నాయని పత్రికల్లో చదువుతున్నామే, ఇది అదే జబ్బు. నారు పాలిపోతే రైతు "ఎంత అందంగా ఉందో" అంటాడా? నేను ఎక్కువ ధర ఇచ్చి కొన్నాను. కొన్నిటికి రంగులు అద్ది కూడా అమ్ముతారు. పసుపుపచ్చగా, ముదురు గులాబీగా మెరిసిపోతుంటే మరింత అనుమానించాలి.

జూన్‌లో, బడులు తెరవకముందు, మా అమ్మాయిని విశాఖలో తెన్నేటి పార్కు దిగువనున్న రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి ఆగిపోయింది ఆ చోటే. అమావాస్య రోజుల్లో సముద్రం బాగా వెనక్కి తీస్తుంది. ఆ పాటు వేళకు వెళితే రాళ్ళ నడుమ గుంటల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి. నీళ్ళు దిగిపోయిన రాతి మీద నానిన చింతపండు ముద్దల్లాంటివి అతుక్కుని ఉన్నాయి. "ఇవేంటి నాన్నా?" అంది. నాకూ తెలియలేదు. గుంటలోకి చూస్తే అవే ముద్దలు నీళ్ళలో విచ్చుకుని, మీసాలు చాపుకుని ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా నేను నల్లబల్ల మీద గీసిన బొమ్మ! మా ఇంటికి రెండు గంటల ప్రయాణం దూరంలో ఎప్పటినుంచో ఉంది. మేము వెళ్ళలేదు, అంతే.

సహజంగానే ఒకటి ఇంటికి తీసుకుపోదామంది. నేనూ సరేనని తాళంచెవితో దాని అడుగున గీకడం మొదలుపెట్టాను. అటు వల భుజాన వేసుకుని పోతున్న ముసలాయన ఒకాయన ఆగాడు. "ఏటి బాబూ, దాన్నెందుకు గీకుతున్నారు? కాలు చిరిగితే అది మరి బతకదు" అన్నాడు. వదిలేశాం. పాదం చిరిగిన అనిమోన్ చాలాసార్లు ఆ పుండుతోనే చస్తుందని తరువాత చదివాను. ఆయన ఏ పుస్తకమూ చదివి చెప్పలేదు.

ఆ వేసవిలోనే నాకు ఫిలిప్ హెన్రీ గాస్ కథ దొరికింది. ఇళ్ళలో సముద్రపు తొట్టె పెట్టుకోవడమనే అలవాటుకు ఆయన్ని ఆద్యుడనే చెప్పాలి. ఇంగ్లండువాడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు, బ్రదరన్ సహవాసంలో వాక్యం బోధించేవాడు. 1836లో ఇంగ్లండు నుంచి గోదావరి తీరానికి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ కూడా ఆ సహవాసంవారే. గాస్ తోడ్పాటుతో 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూసే చేపలశాల తెరిచారు. 1854లో ఆయన రాసిన ‘ది అక్వేరియం’ అన్న పుస్తకమే ఆ మాటను మనకు తెలిసిన అర్థంలో వాడుకలోకి తెచ్చింది. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ళ కోసం మామూలు ఉప్పు, భేది ఉప్పు, మరి రెండు లవణాలు కలిపి ఉప్పునీరు చేసుకునే పాళ్ళు కూడా ఆయన ప్రకటించాడు. 1857లో భార్య ఎమిలీ కాన్సరుతో చనిపోయింది. ఎనిమిదేళ్ళ కొడుకు ఎడ్మండ్‌ను వెంటబెట్టుకుని డెవన్ తీరంలో ఇల్లు తీసుకుని, తండ్రీకొడుకులిద్దరూ నడుములోతు నీళ్ళలో దిగి రాతి గుంటల్ని వెతికేవారు. బ్రిటన్ తీరంలోని అనిమోన్లన్నిటి గురించీ ఆయన రాసిన గ్రంథం 1860లో పూర్తయింది. బొమ్మలు కూడా స్వయంగా వేశాడు. ఆ రాతి గుంటలు ఆయన దృష్టిలో దేవుని చేతి పని. అలాగని భక్తితోనే చూసేవాడు, అలాగే రాశాడు.

కాని ఆ పుస్తకాలు చదివి జనం ఏం చేశారో చూడండి. రైలెక్కి తీరానికి వచ్చి, ఉలులూ బుట్టలూ పట్టుకుని అదే గుంటల్ని ఖాళీ చేశారు. ఇళ్ళలో గాజు తొట్టెలు పెట్టారు, నాలాగే చంపారు, మళ్ళీ వచ్చి పట్టుకుపోయారు. కొన్నేళ్ళలో ఆ తీరం బోసిపోయింది. పెద్దవాడైన ఎడ్మండ్ 1907లో ప్రచురించిన తన జ్ఞాపకాల పుస్తకంలో ఈ సంగతి రాశాడు. తన రాతలే ఆ నాశనానికి దారి తీశాయని తండ్రి ఎంతో నొచ్చుకున్నాడట. పాపం, ఆయన కోరింది అది కాదు గదా.

ఇది చదివాక తెన్నేటి పార్కు రాళ్ళ దగ్గర మా అమ్మాయి, నేను ఒక ఒప్పందం చేసుకున్నాం. సముద్రం నుంచి తీసింది కాక, తొట్టెలో పుట్టి పెరిగింది దొరికితేనే మళ్ళీ అనిమోన్ తేవడం. పనిలో పనిగా ఇంకో మాట. రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు 2001 నుంచి మన దేశ వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నాయి. ఎవరైనా తొట్టెలో అలంకారానికి ప్రాణమున్న పగడం ఇస్తామంటే వద్దనండి.

క్లౌన్ చేపలకైతే ఇబ్బంది లేదు. వాటిని మన దేశంలోనే తొట్లలో పిల్లలు చేయించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సాధించారు. అలా పుట్టిన జంటను అక్టోబరులో తెచ్చాం. అనిమోన్ లేకుండా ఆ చేపలు బతకవని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. తొట్టెలో వాటిని వేటాడేవాళ్ళు లేరు గనుక నిక్షేపంగా బతుకుతాయి. చేప కోసమని అనిమోన్ కొనవలసిన పనే లేదు.

2014 ఆగస్టులో, అంటే మొదటిది చచ్చిన పదిహేను నెలలకు, విశాఖలో ఏళ్ళ తరబడి తొట్లు పెంచుతున్న ఒక పెద్దాయన తన ఇంట్లో రెండుగా చీలిన అనిమోన్‌లో ఒకదాన్ని మాకిచ్చారు. బబుల్ టిప్ అనే జాతి. స్పర్శకాల కొసలు చిన్న బుడగల్లా ఉబ్బి ఉంటాయి. గోధుమరంగు. మా మొదటిదాని పక్కన పెడితే ఎవరూ దీన్ని చూడరు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇదే కాస్త నయమైన జాతి అంటారు. మా అమ్మాయి స్వయంగా మూడు సంగతులు చూసి తీసుకుంది. రాతిని గట్టిగా పట్టుకుని ఉందా? స్పర్శకాలు మేతను అంటుకుని పట్టుకుంటున్నాయా? నోరు మూసుకుని ఉందా? ఆరోగ్యంగా ఉన్న అనిమోన్ నోరు బిగించి ఉంటుంది. నోరు వేలాడేసి, లోపలి పొరలు బయటపెడితే ప్రమాదం. అప్పటినుంచి బడి నుంచి రాగానే సంచి దించకుండానే "అది నోరు మూసుకుందా?" అని అడగడం దాని అలవాటైపోయింది. ఇంటికొచ్చినవాళ్ళు ఎవర్ని అంటోందోనని కంగారుపడేవారు.

తొట్టెలో వేయగానే ఉన్నచోట ఉంటుందనుకున్నాం. లేదు, నడిచింది! పాదాన్ని జరుపుకుంటూ, మూడు రోజులు రాళ్ళన్నీ తిరిగింది. కొత్తవాళ్ళకు చాలా నష్టం జరిగేది ఇక్కడే. నీళ్ళు తిప్పే మోటారు నోటి దగ్గరికి వెళితే అది లోపలికి లాగేసి ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు కుళ్ళి తొట్టె మొత్తం చస్తుంది. మోటారు నోటికి ముందే స్పంజి కట్టాం. చోటు నచ్చక తిరుగుతుంటే మనం పట్టి లాగి పెట్టకూడదు. వెలుగూ నీటి పారుదలా సరిపడినచోట అదే ఆగుతుంది. మాది నాలుగో రోజు వెనకవైపు రాతి పగుల్లో పాదం దూర్చుకుని స్థిరపడింది. ముందునుంచి సగమే కనిపిస్తుంది. ఏం చేస్తాం?

మేపడంలో ప్రేమ ఎక్కువ పనికిరాదు. వారానికోసారి వేలిగోరు కన్నా చిన్నదైన పచ్చి రొయ్య ముక్క చాలు. పెద్ద ముక్క పెడితే రెండో రోజు కక్కేస్తుంది, నీళ్ళు పాడవుతాయి. దీపం మాత్రం గట్టిది కావాలి. మామూలు ట్యూబులైటు సరిపోదు. రోజుకు ఎనిమిది, తొమ్మిది గంటలు వెలగాలి. నీటి వేడి 25, 26 డిగ్రీల దగ్గర ఉంచాలి. మన వేసవిలో అది సులభం కాదు. ఫాను నీటిమీదకు తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. నీళ్ళు మరింత ఆవిరవుతాయి గనుక ఎర్ర గీత సంగతి మరవకూడదు.

రెండు నెలలు బాగానే గడిచింది. 2014 అక్టోబరు 12 ఆదివారం నాడు హుద్‌హుద్ వచ్చింది.

ఆ రోజు గురించి మన జిల్లాల వాళ్ళకు నేను చెప్పవలసింది లేదు. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. మా వీధిలో చెట్లన్నీ పడ్డాయి, స్తంభాలు వంగాయి. మధ్యాహ్నానికి ముందే కరెంటు పోయింది. తొట్టెలో మోటారు ఆగింది. నీళ్ళు కదలకపోతే వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఆ సాయంత్రానికే మా చేపలు పైకొచ్చాయి. పక్కింటి పైకప్పు రేకులు మా పెరట్లో పడి ఉంటే తొట్టె గురించి మాట్లాడడానికి నాకు మొహమాటం వేసింది. మా అమ్మాయి ఏమీ అనకుండా చెంబు తీసుకుని, తొట్టెలోని నీళ్ళు ముంచి, జానెడు ఎత్తునుంచి తిరిగి తొట్టెలోకే ధారగా పోయడం మొదలుపెట్టింది. పడే నీళ్ళతోపాటు గాలి లోపలికి వెళుతుందని దానికి నేను చెప్పలేదు. బడిలో చదివిందో, ఆలోచించిందో.

ఆ రాత్రి నలుగురం వంతులు వేసుకున్నాం. అరగంట పోయడం, అరగంట ఆగడం. లాంతరు వెలుగులో మా అమ్మ డెబ్బై మూడేళ్ళ వయసులో స్టూలు మీద కూర్చుని పోసింది. మా ఆవిడ పోస్తూ పాట పాడుకుంది. పగలు ఊళ్ళో పనులు. తాగేనీళ్ళకు, పాలకు, కిరోసిన్‌కు వరుసల్లో నిలబడడం. రాత్రి చెంబుధార. మేత పూర్తిగా ఆపేశాం. తిననిది విసర్జించదు గనుక నీళ్ళు కాస్త నిలుస్తాయి. మా వీధికి ఆరో రోజు సాయంత్రం కరెంటు వచ్చింది.

చాలా కాలానికి ఆనా తిన్ అనే ఆమె గురించి చదివినప్పుడు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ జలదరించింది. ఆమె భర్త లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీలో గురువు. 1846లో ఆమె సముద్రతీరం నుంచి ప్రాణమున్న చిన్న పగడాలు కొన్నిటిని లండన్‌కు తెచ్చుకుంది. అప్పటికి గాస్ పుస్తకాలు లేవు, మోటార్లు లేవు. గాలి ఎలా అందించాలి? ఆమె ఇంటి పనిమనిషి ప్రతిరోజూ తెరిచిన కిటికీ దగ్గర నిలబడి ముప్పావుగంట సేపు ఆ నీటిని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోస్తూ ఉండేదట. పగడాలు బతికాయి, పిల్లలు పెట్టాయి. దొరసాని పేరు చరిత్రలో ఉంది. నీళ్ళు పోసిన ఆమె పేరు నాకు ఎక్కడా కనబడలేదు.

కరెంటు వచ్చేసరికి మా అనిమోన్ నిమ్మకాయంత అయి, నోరు కాస్త తెరుచుకుని ఉంది. నీళ్ళు మార్చేద్దామని తొందరపడి చింతపల్లి నుంచి ఒక డబ్బా పట్టుకొచ్చాను. హైడ్రోమీటరు వేస్తే 1.019! పైన చెప్పానే, అక్టోబరు నీళ్ళు. దాన్ని పారబోసి, వేసవిలో నిలవ ఉంచిన నీళ్ళు రోజుకు కొద్దికొద్దిగా మార్చాం. ఏమీ తోచక ఏదో ఒకటి చేసేయడమే మొదటిసారి నేను చేసిన తప్పు గనుక ఈసారి చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. మూడు వారాలకు తేరుకుంది. ఆ డిసెంబరులో ఒకరోజు నడిమికి సాగి, మరునాటికి రెండయింది. కష్టం వచ్చినా, బాగా బలిసినా ఈ జాతి అలా చీలుతుంది. ఒకదాన్ని మాకిచ్చిన పెద్దాయనకే తిరిగి ఇచ్చాం.

ఇవి ఎంతకాలం బతుకుతాయో తెలుసా? స్కాట్లాండులో జాన్ డాలియెల్ అనే ఆయన 1828లో సముద్రతీరం నుంచి ఒక అనిమోన్ తెచ్చి గాజు పాత్రలో పెట్టాడు. 1851లో ఆయన పోయాడు. అది తరువాత జాన్ ఫ్లెమింగ్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడి దగ్గరికి చేరింది. ఆయన కూడా సంఘ కాపరిగా పనిచేసినవాడే. ఆయనా 1857లో పోయాడు. అలా చేతులు మారి, మారి, చివరికి ఎడింబరో వృక్షోద్యానంలో 1887లో చచ్చిపోయింది. ఈ మధ్యలో వందలకొద్దీ పిల్లల్ని పెట్టింది. అందరూ దాన్ని ‘గ్రానీ’, అంటే బామ్మ అని పిలిచేవారట.

కొనేముందు ఈ సంగతి ఆలోచించాలి. పిల్లవాడు ఆరో తరగతిలో ముచ్చటపడి అడుగుతాడు. ఇంటరుకు హాస్టలుకు పోతాడు. తరువాత దాన్ని చూసేదెవరు? మా అమ్మాయి 2016లో ఇల్లు విడిచి చదువుకు వెళ్ళింది. ఇప్పుడు హైదరాబాదులో నర్సుగా పనిచేస్తోంది. మా అమ్మ 2019లో ప్రభువునందు నిద్రించింది. గోళ్ళరంగు గీత కొంచెం వెలిసింది గాని, రాత్రిపూట దీపం వేస్తే బాగా కనిపిస్తుంది. నేను రిటైరయ్యాను. రోజూ పొద్దున్నే లేచి ఆ గీత దాకా నీళ్ళు పోస్తాను, శనివారం రొయ్య ముక్క పెడతాను. అది ఇప్పటికీ ఆ వెనకవైపు పగుల్లోనే ఉంది.

ప్రతి ఆదివారం ఆరాధన అయి ఇంటికి చేరగానే అమ్మాయి ఫోన్ చేస్తుంది. మా ఆరోగ్యాలు తరువాత అడుగుతుంది. ముందు, "అది నోరు మూసుకుందా నాన్నా?" అంటుంది. మొన్న ఇంటికొచ్చిన మా సంఘ పెద్ద ఒకాయన ఫోనులో ఈ మాట విని, మా ఆవిడ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.